వాంపైర్‌కు జాకెట్ ఎవరు కుట్టిన్రు? నవ్వించే రక్తపిశాచి కథ రాయాలనుకునేవాళ్లకు

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. నేను రాసిన మొదటి వాంపైర్ కథలో కోట ఉంది, మంచు ఉంది, నల్లకోటు హీరో ఉన్నాడు, కిటికీ దగ్గర నిలబడి ఏడ్చే హీరోయిన్ ఉంది. పైన కామెడీ అని రాసుకున్నాను కాబట్టి మధ్యమధ్యలో ఆమె జారిపడేది. హన్మకొండలో టైలరింగ్ చేసే మా చిన్నమ్మకు చదివి వినిపిస్తే, హుక్కులు కుడుతున్న చెయ్యి ఆపకుండా అంతా విని చివర్న ఒక్కటే అడిగింది. "అంతా మంచిగనే ఉన్నది గని బిడ్డా, సచ్చి లేచినంక గా పొల్లకు జాకెట్ లూజయిందా, టైటయిందా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు చించేసిన కథ గురించి ఇప్పుడు బాధ లేదు కానీ, ఆ ప్రశ్న మాత్రం గోడకు రాసి పెట్టుకున్నాను. ఇష్టం లేకుండా పిశాచి అయిన అమ్మాయి, పైగా బట్టల పిచ్చి ఉన్న అమ్మాయి కథ రాస్తున్నారంటే, వాంపైర్ లోకంలోని ప్రతి నియమమూ తిన్నగా పోయి ఆమె బీరువాకు తగలాలి. ఎండ, అద్దం, రక్తం, పిలుపు, ఏదైనా సరే, దానివల్ల ఆమె కట్టుకునేదానికో కుట్టించుకునేదానికో నష్టం రావాలి. రాకపోతే ఆ నియమం మీ కథకు దండగ, తీసేయండి.

అన్నిటికంటే ముందు ఆమెకు ఒక పని ఇవ్వండి. "ఆమెకు ఫ్యాషన్ అంటే ప్రాణం" అని ఒక వాక్యం రాసి వదిలేస్తే చదివేవాళ్లు నమ్మరు. నా హీరోయిన్ పెండ్లిళ్లకు చీరలు కట్టే అమ్మాయి. ముందు రోజు రాత్రే పెండ్లికూతురి చీర తెప్పించుకుని, కుచ్చిళ్లు, పల్లు మడతలు పెట్టి, క్లిప్పులు వేసి, ఇస్త్రీ చేసి డబ్బాలో సర్ది, పొద్దున పోయి పది నిమిషాల్లో కట్టేస్తుంది. ఇప్పుడు వరంగల్‌లో ఈ పని చేసేవాళ్లు గల్లీకి ఒకరైనా ఉంటారు, పోయి ఒక గంట కూర్చుని చూడండి. పిన్నులు పెదాల మధ్య పట్టుకుని మాట్లాడటం, దారం పంటితో కొరకడం, "ఊపిరి బిగపట్టకమ్మా" అని కసరడం, ఇవన్నీ మీకు ఊరికే దొరుకుతాయి. దారం కొరికే మనిషికి కోరపండ్లు వచ్చాయనుకోండి, కత్తెర ఖర్చు తప్పినట్టే. ఆమెకు ఈ జన్మలో దొరికిన ఒకే ఒక్క లాభం అది.

ఈ పనిలో ఇంకో సుఖం ఉంది. మన దగ్గర లగ్గాలు ఎక్కువగా పట్టపగలు, పదిన్నరకో పన్నెండింటికో అవుతాయి. ఆంధ్రా వైపు అర్ధరాత్రి ముహూర్తాలు ఎక్కువ. పిశాచి అయిన మరుసటి వారం నుంచి మన అమ్మాయి వరంగల్ పెండ్లిళ్లన్నీ వదులుకుని విజయవాడ, గుంటూరు పార్టీలకే డేట్లు ఇస్తోందంటే, గల్లీలో జనం ఏమనుకుంటారు? "పొల్లకు అటు దిక్కు సంబంధం చూస్తాన్రట" అంటారు. చూశారా, ఒక్క ఎండ నియమంతో వాళ్లమ్మకు సగం కథకు సరిపడా టెన్షన్ వచ్చేసింది.

నియమాల గురించి ఒక మాట. చాలామంది వీటిని వేదవాక్కులా పట్టుకుంటారు, అంత భయం అక్కర్లేదు. 1897లో వచ్చిన డ్రాక్యులా నవలలో ఆ దొర పగలు కూడా తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి, అంతే. ఎండ తగిలితే పోవడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ సినిమా తర్వాత పాతుకుపోయిన సంగతి. అంటే వాళ్లు వాళ్లకు కావలసినట్టు మార్చుకున్నారు, మీరూ మార్చుకోవచ్చు. ఒకటే షరతు, మొదటి మూడు అధ్యాయాల్లో ఏది చెప్పారో చివరిదాకా అదే ఉండాలి. నేను ఒక చిట్టీ మీద రాసి గోడకు అంటించుకున్నాను, అయినా ఏడో అధ్యాయంలో ఆమె చేత మామిడికాయ పచ్చడి తినిపించి తిట్లు తిన్నాను. వాంపైర్లకు ఎల్లిపాయ (వెల్లుల్లి) పడదు కదా, అది వేయని పచ్చడి అని తర్వాత సర్దుకున్నా, వరంగల్‌లో ఆ మాట ఎవరు నమ్ముతారు.

ఎండనే తీసుకుందాం. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. మామూలు మనుషులే పదకొండు దాటితే బయటికి రారు. స్కూటీ మీద పోయే అమ్మాయిలను చూడండి: మొహం చుట్టూ చున్నీ, కళ్లకు నల్లద్దాలు, చేతులకు మోచేతిదాకా గ్లౌజులు. హన్మకొండ చౌరస్తాలో మధ్యాహ్నం పన్నెండింటికి వంద మంది వాంపైర్లు సిగ్నల్ దగ్గర ఆగినా గుర్తుపట్టడం ఎవరి తరం కాదు. కాబట్టి ఎండ వల్ల ఆమె ప్రాణానికి వచ్చిన భయం లేదు, అసలు బాధ వేరు. లోపల వేసుకున్నది ఎంత మంచి నెక్ డిజైన్ అయినా లోకానికి కనబడదు. కాలిపోవడం కంటే ఆమెకు అదే ఎక్కువ మంట.

అద్దం దగ్గర ఆగండి, ఇక్కడ బంగారం ఉంది. వాంపైర్ అద్దంలో కనబడదన్నది ఆ నవలలోనే ఉంది. అద్దం వెనక వెండి పూత ఉంటుంది కాబట్టి అని తర్వాతివాళ్లు ఒక కారణం చెప్తారు. గాజుకు వెండి పూత పూసే పద్ధతి 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. మీరు వెండి కారణం పట్టుకుంటే ఫోన్ కెమెరాలో, స్టీలు తాంబాళంలో ఆమె కనబడాలి. అప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక స్టీలు పళ్లెం ఉంటుంది, పెండ్లివాళ్లు ఆమె భోజనం కట్టించుకుపోవడానికి తెచ్చిందనుకుంటారు.

నేను ఇంకో దారి పట్టాను. అద్దంలో బట్ట కనబడుతుంది, మనిషి కనబడదు. షాపులో తలలేని బొమ్మకు చీర కట్టినట్టు. అంటే మడతలు సరిగ్గా పడ్డాయో లేదో తెలుస్తుంది, ఆ రంగు తన మొహానికి నప్పిందో లేదో మాత్రం ఈ జన్మకు తెలియదు. ఎవరినైనా అడగాలి. ఇంట్లో ఉన్నది వదిన ఒక్కతే. ఆ వదినకు ఈమె మీద పదేళ్ల నుంచి లోపల్లోపల ఒక పంతం ఉంది. "మస్తున్నది వదినే, గదే కట్టుకో" అని ఆమె అన్నప్పుడల్లా నిజం చెప్తోందా, కావాలనే చెప్తోందా? విలన్ కోసం ట్రాన్సిల్వేనియా దాకా పోకండి, వంటింట్లోనే ఉంది.

పిలవనిదే గడప దాటలేదన్న నియమం మనకోసమే పుట్టినట్టుంటుంది. మనవాళ్లకు ఫోన్లో పిలిస్తే పిలిచినట్టా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలి. ఆ లెక్కన మా పెద్దత్త ఎప్పటినుంచో వాంపైరే, బొట్టు పెట్టలేదని సొంత తమ్ముడి గృహప్రవేశానికి పోలేదు. మీ హీరోయిన్‌ను చీర కట్టడానికి పిలిచింది వాట్సాప్‌లో. ఇప్పుడు గుమ్మం బయట నిలబడి, లోపల పెండ్లికూతురు ఏడుస్తుంటే, "ఎవరన్న జెర బొట్టు పెట్టరా" అని వేడుకోవాలి. ఆమె పొగరు అని వాళ్లనుకుంటారు.

గింజలు పారబోస్తే లెక్కపెట్టేదాకా కదలలేదన్నది తూర్పు ఐరోపా పల్లెల్లో పాత నమ్మకం. చాలామంది దీన్ని వాడరు, వదలకండి. సంక్రాంతికి పక్కింటావిడ సకినాలు ఇస్తుంది. ఒక్కో సకినంలో ఎన్ని నువ్వులు? ఈమె తినలేదు, పారేయలేదు, తెల్లారేదాకా లెక్కపెడుతూ కూర్చుంటుంది. మగ్గం వర్క్ చేసే దుకాణంలో చమ్కీల డబ్బా కింద పడితే ఆ వారం ఆర్డర్లన్నీ గోవిందా. ఎల్లిపాయ గురించి ఎక్కువ చెప్పను, అందరూ రాసేదే. వాసన పట్టుచీరకు పడుతుందని ఆమెకు ముందు నుంచే పడదు అని ఒక్క లైను చాలు.

ఇక రక్తం. ఇక్కడే చాలా కథలు పాడవుతాయి, ఎందుకంటే అప్పటిదాకా నవ్వించిన రచయిత రక్తం రాగానే గొంతు మార్చేసి సీరియస్ అయిపోతాడు. మీరు బట్టల సంగతి వదలకండి. రక్తపు మరకను వేడినీళ్లలో పెట్టకూడదు, అందులోని ప్రొటీన్ గట్టిపడి నూలుకు పట్టుకుంటుంది, చన్నీళ్లే వాడాలి. ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్ రక్తాన్ని బాగా వదిలిస్తుంది కానీ పట్టుకు వాడకూడదు, ఎందుకంటే పట్టు కూడా ప్రొటీనే, రక్తాన్ని తినే ఎంజైమ్ పట్టునూ తింటుంది. ఈ ఒక్క ముక్క తెలిశాక నా కథ మారిపోయింది. పట్టుచీర కట్టుకున్నవాళ్ల దగ్గర ఆమె ఆకలి ఎప్పటికీ తీరదు. కాటన్ వాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

చిన్నమ్మ చెప్పిన ఇంకో చిట్కా: సూది గుచ్చుకుని బట్ట మీద చిన్న చుక్క పడితే, తెల్లదారం ఉండ చేసి నోట్లో తడిపి అద్దితే మరక దారానికి వచ్చేస్తుంది. టైలర్లు చేసేదే ఇది. దాన్ని పట్టుకుని నేను ఆమె మొదటి రక్తపు సీను రాశాను, కొంచెం ఇక్కడ పెడుతున్నా.

"పెండ్లిపిల్ల భుజం మీద ఏడు మడతలు ఒక్క తీరుగ కూసున్నయ్. రాత్రి పదకొండు దాంక ఇస్త్రీ పట్టిన మడతలు. పిన్ను గుచ్చిన. 'స్స్' అన్నది. ఆవగింజంత ఎరుపు. నా కోరపండ్లు కిందికి దిగినయ్. నోట్ల ఇంక మూడు పిన్నులున్నయ్, అండ్ల ఒకటి వంగిపోయింది. గంధం రంగు పట్టు మీద రక్తం, ఇంకో అరనిమిషమైతె ఆరిపోతది, ఆరితె ఇగ పోదు. పొల్ల మెడ జూసిన. మరక జూసిన. మళ్ల మెడ జూసిన.

'అక్కా, ఏమన్న అయిందా?'

'ఏం గాలే, కదలకు.'

దారం ఉండ జేసిన, నోట్ల తడిపిన, అద్దిన. మరక దారానికొచ్చింది. చీర బతికింది. దారం నా చేతులనే ఉన్నది. పొల్ల తల్లి అటు మల్లి ఫొటోగ్రాఫర్‌తోని కొట్లాడుతాంది. ఎవలూ జూస్తలేరు.

చెత్తబుట్ట రెండడుగుల దూరంల ఉండె. గంత దూరం ఎవలు పోతరు."

ఇందులో నేను జాగ్రత్తపడ్డది ఒక్కటే, రక్తం ఎట్లా ఉంది, ఎంత రుచి అన్న మాట ఎక్కడా రాయలేదు. దారాన్ని ఏం చేసిందో కూడా చెప్పలేదు. చదివేవాళ్లు చెత్తబుట్ట దగ్గర నవ్వుతారు, మరుక్షణం కొంచెం ఒళ్లు జలదరిస్తుంది. ఆ వరసలో జరగాలి, తిరగబడితే కామెడీ చచ్చిపోతుంది.

మరి రోజూ ఆకలికి? ఆదివారం పొద్దున మటన్ దుకాణానికి పోతే నల్ల, అంటే మేక రక్తం, దొరుకుతుంది, మన దగ్గర వేయించుకుని తినేదే కదా. ఆమె మాత్రం వేయించకుండా అనుకోండి. దుకాణం వరసలో ఆరింటికే, అదీ క్రీమ్ కలర్ కుర్తాలో నిలబడే అమ్మాయిని ఊహించుకోండి. బ్లడ్ బ్యాంకులో దొంగతనం మాత్రం రాయకండి. సినిమాల్లో చూసి చాలామంది రాస్తారు. అర్ధరాత్రి "ఓ నెగెటివ్ అర్జెంట్" అని గ్రూపుల్లో మెసేజ్ పెట్టి, ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న ఇల్లు మన చుట్టాల్లో ఒకటైనా ఉంటుంది. ఆడవాళ్లు ఒకసారి రక్తమిస్తే మళ్లీ 120 రోజుల దాకా ఇవ్వకూడదు, మగవాళ్లు 90 రోజులు. అంత కష్టపడి పోగేసిన ప్యాకెట్ ఆమె తాగేసిందంటే ఆ తర్వాత మీరెన్ని జోకులు వేసినా ఎవరూ నవ్వరు. అట్లాగే బాణామతి, చేతబడి జోలికి పోకండి. ఆ అనుమానంతో మన పల్లెల్లో మనుషులను కొట్టి చంపిన కేసులున్నాయి, అది నవ్వే సంగతి కాదు. తెల్లబడిన మొహం మీద రంగు జోకులు కూడా నాకు నచ్చవు, కానీ "ఏం క్రీమ్ వాడుతానవే, జెర పేరు చెప్పు" అని వెంటపడే ఆంటీని పెడితే తప్పులేదు, అక్కడ నవ్వు ఆంటీ మీద పడుతుంది.

ఆమెను కరిచినవాడెవడు అన్నది తర్వాతి చిక్కు. రాజకుమారుడిని పెట్టకండి. కాకతీయుల కాలం మనిషిని పెట్టాలని అందరికీ అనిపిస్తుంది, వరంగల్‌లో ఉండి అనిపించకపోతేనే ఆశ్చర్యం, కానీ రుద్రమదేవి జోలికి పోకండి, తిట్లు తింటారు, తినాలి కూడా. నేను పేరులేని ఒక బట్టల వ్యాపారిని తీసుకున్నాను. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయం ఇస్తూ శాసనం వేయించాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ రాజ్యంలో నేసే బట్టలు సాలెగూడంత పల్చగా ఉంటాయని మెచ్చుకుంటూ రాశాడు. ఆ బట్టలు అమ్మినవాడు, 1323లో ఓరుగల్లు పడిపోయిన రాత్రి పిశాచి అయినవాడు, ఏడు వందల ఏండ్లుగా బట్టల నాణ్యత పడిపోతుంటే చూస్తూ బతికినవాడు. వాడి దుఃఖం పాలిస్టర్. ఇద్దరినీ కలిపేది కూడా అదే, ఆమె చీర కొంగు పట్టుకుని చూసి "ఇది నూలు కాదు" అని కన్నీళ్లు పెట్టుకుంటాడు.

వాడిచేత గ్రాంథికం మాట్లాడించండి, ఆమెచేత వరంగల్ మాట మాట్లాడించండి, మిగతా పని అదే చేసుకుంటుంది.

"సుందరీ, నేటినుండి నీకు మరణము లేదు."

"గట్లనా? మరి స్కూటీ ఈఎంఐ ఎప్పటిదాంక కట్టాలె?"

వరంగల్ మాట అంటే సినిమాల్లో వినే తెలంగాణ మాట కాదు, గుర్తుంచుకోండి. ఇక్కడ "వస్తున్న" అనరు, "వత్తాన" అంటారు, "ఏం జేత్తానవ్" అంటారు. ప్రతి పదానికీ "గ" తగిలించి యాస అనుకుంటే మా చిన్నమ్మలాంటి వాళ్లు పుస్తకం మూసేస్తారు. కథంతా యాసలో రాయలేకపోతే మామూలు తెలుగులో చెప్పి, మాటలు మాత్రం యాసలో పెట్టండి.

ఇంకోటి, మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా, హాస్యానికి అంతకంటే మంచి వసతి లేదు. "అందరూ పండుకున్నంక మెల్లగ లేచి, చీకట్ల అత్తమ్మ రూంలకు పోయి, వంగి, ఊపిరి బిగవట్టి, తాళంచెవి తీసి, బీరువాల ఉన్న ఆమె గద్వాల్ చీర కట్టుకున్న." వాక్యం ముగిసేదాకా అత్తమ్మ మెడ పోయిందనే అనుకుంటారు. ఇదే సంగతిని ముందే చెప్పేసి తర్వాత వివరిస్తే పస ఉండదు.

ఇష్టంలేనితనం అంటే ఏడవడం అనుకుంటారు చాలామంది. పొరపాటు. ఆమె ఒప్పుకోదు, అంతే. వ్యాపారి, వాడి జట్టు వచ్చి నువ్వే మా రాణివి అని మోకాళ్ల మీద కూర్చుంటే, "శుక్రవారం దాంక నాకు నాలుగు ఆర్డర్లున్నయ్, శనివారం రండ్రి" అంటుంది. కిరీటం తెస్తే ముందు పెట్టుకుని చూడదు, లోపలి వైపు తిప్పి అంచులు చూస్తుంది, జుట్టుకు చిక్కుకుంటుందా లేదా అని. ఆమె మంచితనం కూడా అట్లానే దొంగదారిలో రావాలి. పెండ్లికూతురిని కాపాడింది అని మీరు చెప్పకండి, మడతలు కాపాడుకోబోతే పెండ్లికూతురు బతికిపోయింది.

ఒక సీను రామప్పలో పెట్టుకోండి. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, వరంగల్ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. బయట పైకప్పు కింద నల్లరాతి మదనికలున్నారు కదా, వాళ్లలో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయని ప్రతి గైడూ చూపిస్తాడు. మీ హీరోయిన్‌ను పొద్దుగూకే వేళ అక్కడికి తీసుకుపోయి, తల పైకెత్తి ఆ చెప్పులు చూడనివ్వండి. వ్యాపారి పక్కన నిలబడి మెల్లగా "అవి నాకు తెలిసినవే" అంటే చాలు. ఆ ఇద్దరి మధ్య ఏదో ఉందని చదివేవాళ్లకు అక్కడ తెలిసిపోతుంది, ప్రేమ అన్న మాట రాయాల్సిన పనిలేదు.

కథ ఎక్కడ మొదలుపెట్టాలో చివర్న చెప్తున్నాను, ఎందుకంటే నాకూ చివర్నే తట్టింది. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే పెద్దల అమావాస్య. పొద్దున చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆమె చచ్చిందని ఇంట్లో తెలుసు, లేచిందనీ తెలుసు. బియ్యం ఆమె పేరు మీద ఇవ్వాలా వద్దా అని పొద్దున అయ్యగారి ముందు పంచాయితీ. సాయంత్రం కొత్త చీర కట్టుకుని ఆమే అందరికంటే ముందు చప్పట్లు కొడుతూ తిరుగుతోంది. అక్కడినుంచి తొమ్మిది రోజులు, తొమ్మిది అధ్యాయాలు, రోజుకో చీర, అన్నీ చీకటి పడ్డాక జరిగేవే. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆ అధ్యాయంలో ఆమె కూడా అలిగి గదిలోంచి రాదు, మీకూ కొంచెం ఊపిరి దొరుకుతుంది. తొమ్మిదో రోజు పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ, వేల మంది ఆడవాళ్లు, వ్యాపారి గుంపు కూడా అక్కడికే వస్తుంది, కొట్లాట అక్కడే.

కొట్లాట అయ్యాక ఆమెను మళ్లీ మనిషిని చేయకండి, రాణినీ చేయకండి. నేను మా చిన్నమ్మ దుకాణంలో ముగించాను. చీర సగం చిరిగి, జుట్టు నిండా గునుగుపూలతో వచ్చి కొలత జాకెట్ బల్ల మీద పెడుతుంది.

"దసరా ఎల్లుండేనాయె, గిప్పుడా తెచ్చుడు?" అంటుంది చిన్నమ్మ, కళ్లద్దాలు పైకి జరుపుతూ. "చేతులు పొడుగు పెట్టాల్నా, పొట్టి పెట్టాల్నా?"